పొలము అమ్మి జపానుకా?



ఈ నెల వచ్చిన ఉత్తరములలో ఒకదానిని రెండుసార్లు చదివి, పక్కన పెట్టి, మళ్ళీ తీసి చదివాము. ప్రకాశము జిల్లా నుండి ఒక యువ దంపతులు వ్రాశారు. ఇద్దరూ ఎం.ఏ., బి.ఇడి. చదివి ఒకే ప్రైవేటు బడిలో పాఠములు చెప్పుకుంటున్నారు. మూడేళ్ళ పాప ఉన్నది. జపాను దేశములో ఇంగ్లీషు మాట్లాడడము నేర్పే బడులలో ఇద్దరికీ ఉద్యోగము ఇప్పిస్తానని ఒక ఏజెంటు ఎనిమిది లక్షలు అడిగాడట. అంత డబ్బు చేతిలో లేదు గనుక, అమ్మాయికి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన ఎకరము అమ్మి, పాపను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళాలని అనుకుంటున్నారు. "మీరు అక్కడ తొమ్మిదేళ్ళు ఉండి వచ్చారు గదా, వెళ్ళమంటారా వద్దంటారా, ఒక్క మాటలో చెప్పండి" అని అడిగారు.

ఒక్క మాటలో చెప్పలేము. మేము 2004లో వెళ్ళి 2013లో తిరిగి వచ్చాము. మంచి చూశాము, చెడు చూశాము. ఈ శీర్షిక మేమిద్దరము కలిసి వ్రాస్తామని పాత పాఠకులకు తెలుసు. కలము ఎవరి చేతిలో ఉన్నదో అడగకండి. ఒకరు వ్రాసినది ఒకరు కొట్టివేస్తారు. ఈసారి మాత్రము కొట్టివేతలు తక్కువ.

జపాను భాషలో 'ఏకైవా' అంటే ఇంగ్లీషు సంభాషణ. అక్కడి పిల్లలు హైస్కూలు ముగిసేలోపు కనీసము ఆరేళ్ళు ఇంగ్లీషు చదువుతారు. అయితే ఆ చదువు పరీక్ష కొరకు. మన ఊళ్ళలో పదవ తరగతి పిల్లవాడు వాయిస్ మార్చమంటే చకచకా మార్చేస్తాడు గాని, ఇంటికి వచ్చిన అతిథి ఇంగ్లీషులో పేరు అడిగితే తలుపు చాటుకు పోతాడే, అచ్చముగా అంతే. 2011 నుండి ఐదు, ఆరు తరగతులలో కొంత ఇంగ్లీషు ప్రవేశపెట్టారు, 2020లో దానిని పూర్తి పాఠ్యాంశముగా చేశారు. అయినను మాట్లాడే భయము పోలేదు. ఆ లోటు తీర్చుకొనుటకు పెద్దలూ పిల్లలూ డబ్బు కట్టి నేర్చుకొనే చోట్లే ఏకైవాలు. మన పట్నములలో బస్టాండు ఎదుట కోచింగు సెంటర్లు ఉన్నట్లు, అక్కడ రైల్వే స్టేషను ఎదుట మేడ మీద ఇవి ఉంటాయి. 1981లో ఒసాకాలో మొదలైన నోవా అనే సంస్థ, 'స్టేషను ముందే విదేశీ చదువు' అనే అర్థము వచ్చే నినాదముతో దేశమంతటా వందల శాఖలు పెట్టింది. దాని సంగతి మరల వస్తుంది.

పాఠము నలభై నిమిషములో యాభై నిమిషములో ఉంటుంది. ఎదుట ఒక్కరే కూర్చోవచ్చు, ఏడెనిమిది మంది ఉండవచ్చు. మా బడి మధ్యాహ్నము పన్నెండింటికి తెరిచి రాత్రి తొమ్మిదింటికి మూసేవారు. మధ్యాహ్నము గృహిణులు, రిటైరైనవారు. సాయంత్రము బడి పిల్లలు. రాత్రి కంపెనీ ఉద్యోగులు, వారు కుర్చీలోనే కునుకు తీస్తారు. శనివారము మంచినీళ్ళు తాగుటకు తీరిక ఉండదు. పని కష్టమని కాదు, మన బడులలో అరవైమందిని అదుపు చేసే ఉపాధ్యాయునికి అది కష్టమే కాదు. అయితే ఒక సంగతి మీ ఏజెంటు చెప్పి ఉండడు. చేరకముందు చూచిపోవుటకు వచ్చినవారికి ఒక మాదిరి పాఠము చెప్పాలి. అది నచ్చితే వారు ఏడాది రుసుము ముందుగా కడతారు. కట్టకుండా వెళ్ళిపోతే మేనేజరు ముఖము చిన్నబోతుంది, అది మన లెక్కలో పడుతుంది. అక్కడ ఉపాధ్యాయుడు సగము ఉపాధ్యాయుడు, మిగతా సగము బట్టల దుకాణము ముందు నిలబడి రండి రండి అనేవాడు. మాలో ఒకరికి ఇది బొత్తిగా చేతకాలేదు. రెండవవారికి ఆశ్చర్యముగా బాగా వచ్చింది.

మొదటి వారములోనే ఒక విద్యార్థిని, "బసు" ఆలస్యమైనదని చెప్పింది. టీ తాగే పాత్రను "కప్పు" అన్నది. ఆ రాత్రి ఇంటిలో చెప్పుకొని ఎంత నవ్వుకొన్నామో. జపాను భాషలో 'న్' తప్ప మాట చివర హల్లు నిలవదు. గనుక మనము ఇంగ్లీషు మాటకు ఉకారము తగిలించి బస్సు, కప్పు అని ఇంటివాటిని చేసుకొన్నట్లే వారూ చేసుకొన్నారు. వాక్యము కూడా అంతే. క్రియ చివరనే వస్తుంది. మన కి, లో, నుండి అనేవి మాట వెనుక వచ్చినట్లే వారికీ వెనుకనే వస్తాయి. 'నేను బడికి వెళ్తాను' అన్నదానిని ఒక మాట తీసి ఒక మాట పెడితే చాలు, జపాను వాక్యమైపోతుంది. చివర మనము 'కదా' అన్నట్లు వారు 'నే' అంటారు. కాబట్టి విద్యార్థి "ఐ స్కూల్ గో" అన్నప్పుడు అమెరికా నుండి వచ్చిన తోటి ఉపాధ్యాయునికి అది వింతగా ఉండేది. మాకు అది మా అయిదవ తరగతి. ఎక్కడ తప్పు పుడుతుందో తెలిసినవారికి దిద్దుట తేలిక. మా లోపము మాకూ ఉన్నది. 'వెస్ట్' అని మేము పలికితే పడమర అన్నామో బనియను అన్నామో ఎవరికీ తెలియలేదు. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత అద్దము ముందు నిలబడి పెదవులు గుండ్రముగా చుట్టడము నేర్చుకొన్నాము.

అయితే ఇంత తేలికగా బోధించగలవారిని వారు ఎదురువచ్చి పిలుస్తారని అనుకోవద్దు. ప్రకటనలలో చాలావరకు 'మాతృభాష ఇంగ్లీషు అయినవారు మాత్రమే' అని ఉంటుంది. చట్టము అట్లు అడగదు, వ్యాపారము అడుగుతుంది. ఉన్నదున్నట్లు చెప్పాలంటే చర్మపు రంగు కూడా అడుగుతుంది. మేము పంపిన పద్దెనిమిది దరఖాస్తులలో రెండింటికే జవాబు వచ్చింది. చేరిన తరువాత ఒక తల్లి మమ్మును చూసి తన పిల్లవాడిని వేరే తరగతికి మార్పించుకొన్నది. రెండేళ్ళ తరువాత ఆమే రెండవ పిల్లవాడిని మా తరగతిలోనే వేయమని అడిగినది. ఫిలిప్పీన్సు వారు, మనవారు ఇప్పుడు ఎక్కువగానే కనిపిస్తున్నారని విన్నాము. అయినను ఆ మాట ప్రకటనలలోనుండి పోలేదు.

ఇప్పుడు బాబూ, అమ్మాయీ, మీ ఉత్తరముతో జతపరచిన కాగితముల దగ్గరకు వస్తాము. అసలు చెప్పవలసినది ఇక్కడ ఉన్నది.

"ఇద్దరికీ ఉద్యోగము" అని ఏజెంటు నోటితో చెప్పాడు. కాగితములో మాత్రము అబ్బాయి పేరున ఒక్క ఉద్యోగము, అమ్మాయి పేరున డిపెండెంటు వీసా ఉన్నవి. డిపెండెంటు వీసాపై వెళ్ళినవారు అక్కడ ఇమ్మిగ్రేషను కార్యాలయములో వేరుగా అనుమతి తీసుకొని వారానికి 28 గంటల లోపు మాత్రమే పని చేయవచ్చు. అంతకు మించితే ఇద్దరికీ చిక్కే. అంటే మీరు కొంటున్నది రెండు ఉద్యోగములు కాదు, ఒకటిన్నర కూడా కాదు.

అంతకంటే పెద్ద సంగతి మరొకటి. అబ్బాయి పదవ తరగతి వరకు ఊళ్ళో తెలుగు మీడియములో చదివాడని, అమ్మాయి ఒకటవ తరగతి నుండి ఇంగ్లీషు మీడియమని మీరే వ్రాశారు. జపానులో ప్రభుత్వ పాఠశాలల వంటివాటిలో విదేశీ భాష బోధించుటకు ఇచ్చే వీసాకు, ఆ భాషలో పన్నెండేళ్ళు చదివి ఉండాలనే నియమము ఉన్నది. ఏకైవాలలో పనిచేసేవారికి ఇచ్చే వీసా వేరు. దానికి డిగ్రీ ముఖ్యము. అయితే మాతృభాష ఇంగ్లీషు కానివారిని తీసుకొనేటప్పుడు ఏకైవాల వారు కూడా ఈ పన్నెండేళ్ళ రుజువు అడగడము మామూలే. ఇంటరు, డిగ్రీ, ఎం.ఏ., బి.ఇడి. అన్నీ కలిపినా అబ్బాయి లెక్క పన్నెండేళ్ళకు చేరదు. అమ్మాయి లెక్క పన్నెండు దాటి చాలా దూరము పోతుంది. మరి ఉద్యోగము అబ్బాయి పేరున ఎందుకు పెట్టారు? ఏజెంటు అడగలేదు, మీరు చెప్పలేదు, మగవాడు గదా అని వ్రాసేశారు. అంతే అయి ఉంటుంది.

మా ఇంటిలోనూ ఇదే జరిగింది గనుక చెప్పగలుగుతున్నాము. మాలో ఉద్యోగము వచ్చినది ఆవిడకు. డిపెండెంటు వీసాపై వెళ్ళినది ఆయన. మా ఊళ్ళో దీనిని ఎన్ని రకములుగా చెప్పుకొన్నారో వ్రాస్తే ఈ పేజీ చాలదు. "పెళ్ళాము కొంగు పట్టుకొని విమానము ఎక్కాడు" అన్నవారు మా బంధువులే. మొదటి ఆరు నెలలు ఆయన వంట చేసి, బట్టలు ఉతికి, మధ్యాహ్నమంతా ఎవరితో మాట్లాడుటకు లేక కిటికీలోనుండి రైళ్ళు లెక్కపెట్టేవాడు. తరువాత అనుమతి తీసుకొని ఒక కిండర్‌గార్టెనులో ఉదయములు చిన్న పిల్లలకు పాటలు, ఆటలతో ఇంగ్లీషు చెప్పే పని దొరికింది. ఆవిడ ఇంటికి చేరేసరికి రాత్రి పది. ఆయన లేచేది ఉదయము ఆరింటికి. ఒకే గదిలో ఉంటూ చీటీలు వ్రాసుకొని బ్రతికిన నెలలు ఉన్నవి. ఆ చీటీలు కొన్ని ఇప్పటికీ దాచుకొన్నాము. 'పప్పులో ఉప్పు తక్కువ' అన్నది ఎక్కువసార్లు వచ్చింది. సంసారము నిలబడాలంటే జీతము ఎవరిది అనే ప్రశ్నను విమానము ఎక్కకముందే తేల్చుకోవాలి. అక్కడికి వెళ్ళి తేల్చుకొందామంటే కుదరదు. తెలుగు మాట వినబడని చోట చిన్న పౌరుషము పెద్దదౌతుంది.

పాప సంగతికి వస్తాము. మా బాబును మూడున్నరేళ్ళ వయస్సులో వాడి నాయనమ్మ దగ్గర వదిలి వెళ్ళాము. ఒక ఏడాదిలో తీసుకొనిపోదాము అనుకొన్నది రెండేళ్ళైంది. వారానికి ఒకసారి ఫోను. 2006లో సెలవు దొరికి ఊరికి వచ్చినప్పుడు వాడు అరుగు మీద కూర్చొని ఉన్నాడు. తల్లి దగ్గరకు తీసుకోబోతే వాడు లేచి నిలబడి, "మీరు ఎప్పుడు వచ్చారు?" అన్నాడు. నాయనమ్మను "నువ్వు" అనే బిడ్డ, కన్నతల్లిని "మీరు" అన్నాడు. వాడికి ఎవరో మర్యాద నేర్పారు, వాడి తప్పేమీ లేదు. ఆ రాత్రి మేము భోజనము చేయలేదు.

2007 ఏప్రిలులో వాడిని తీసుకొనివెళ్ళి అక్కడి ప్రభుత్వ బడిలో ఒకటవ తరగతిలో చేర్పించాము. విదేశీయుల పిల్లలైనా దరఖాస్తు పెడితే చేర్చుకొంటారు, రుసుము లేదు. కొద్ది నెలలలో వాడు మాకే దుబాసీ అయ్యాడు. మీ పాపకు మూడేళ్ళు నిండినవి గనుక మరొక సదుపాయము ఉన్నది: 2019 అక్టోబరు నుండి మూడు మొదలు ఐదేళ్ళ పిల్లలకు గుర్తింపు పొందిన శిశు పాఠశాలలలో రుసుము ఎత్తివేశారు, లేక బాగా తగ్గించారు, భోజనము వంటి ఖర్చులు మాత్రము ఉంటాయి. డిపెండెంటు వీసా భార్యకో భర్తకో, పిల్లలకే గాని తల్లిదండ్రులకు రాదు. అమ్మమ్మను వెంట తీసుకొనిపోయి పాపను చూపించుకొందామంటే కుదరదన్నమాట. అమ్మమ్మ దగ్గర వదలడమా, వెంట తీసుకొనిపోవడమా, ఈ రెండే దారులు. మొదటిది మేము నడిచి చూశాము.

ఇక మా విద్యార్థినులలో ఒక పెద్దావిడ గురించి చెప్పకుండా ఉండలేము. డెబ్బై రెండేళ్ళు. ప్రతి బుధవారము రెండు గంటలకు వచ్చేది. ఆమెకు ఇంగ్లీషుతో ఏ పనీ లేదు. భర్త పోయాడు, కొడుకు టోక్యోలో ఉన్నాడు, వారములో ఒకసారి నలభై నిమిషములు తన మాట వినే మనిషి కావాలి. ఏకైవాలకు వచ్చే పెద్దవారిలో ఇట్లాంటివారు తక్కువేమీ కాదు. ఆమె ఎప్పుడు మాట్లాడినా తన పెరటి సాగు గురించే: ముల్లంగి ఎంత లావు ఊరింది, క్యాబేజీకి పురుగు ఎట్లా పట్టింది. సంచిలో ముల్లంగి తెచ్చి ఇచ్చేది, మన చేతి పొడవు ఉండేది. ఒకసారి మీ ఇంటిలో ఏమి పండిస్తారని అడిగింది. గుంటూరు జిల్లాలో రెండెకరములు, మిరప అని చెప్పాము. ఎర్రగా ఎండబెట్టిన కళ్ళము ఫొటో చూపించాము. ఆమె చాలాసేపు ఆ ఫొటో పట్టుకొని, పాఠములో నేర్చుకొన్న మాటలన్నీ కూడగట్టుకొని, "ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?" అని అడిగింది. బావమరిది చేస్తున్నాడని చెప్పాము. "మంచిది" అన్నది. తరువాతి వారము కూడా అదే అడిగింది, మేము అబద్ధము చెప్పామేమోనన్నట్లు.

2007 అక్టోబరు నెలను అక్కడి ఉపాధ్యాయులు ఎవరూ మరచిపోరు. నోవా విద్యార్థుల దగ్గర పాఠములకు ముందుగానే డబ్బు కట్టించుకొని, మధ్యలో మానుకొన్నవారికి తిరిగి ఇచ్చే లెక్కలో అన్యాయము చేస్తున్నదని ఆ ఏప్రిలులో వారి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జూనులో ప్రభుత్వము కొత్త దీర్ఘకాల ఒప్పందములు ఆరు నెలలు ఆపమన్నది. జీతములు ఆలస్యమైనవి. అక్టోబరు 26న ఆ సంస్థ దివాలా రక్షణ కొరకు కోర్టుకు వెళ్ళింది. సుమారు మూడు లక్షల విద్యార్థులు, నాలుగు వేలకు పైగా విదేశీ ఉపాధ్యాయులు ఒక్కసారి వీధిలో పడ్డారు. జీతములోనుండి అద్దె పట్టుకొని ఇంటి యజమానులకు కట్టలేదట. ఉద్యోగము పోయిన వారములోనే ఇల్లు ఖాళీ చేయమన్న కాగితము వచ్చినవారు ఉన్నారని పత్రికలలో చదివాము. ఆ పేరును తరువాత వేరొకరు తీసుకొని నడిపారు. 2010 ఏప్రిలులో జియోస్ అనే మరొక పెద్ద సంస్థ కూడా దివాలా తీసింది.

మా బడి వీటిలో ఏదీ కాదు. చిన్నది, పేరు అక్కరలేదు. 2008 వేసవిలో రెండు నెలల జీతము ఆగింది. ఆగస్టులో ఒక మధ్యాహ్నము వెళ్ళేసరికి తలుపుకు కాగితము అంటించి ఉన్నది. ఆ కాగితము చదివి పెట్టినది ఒకటవ తరగతి ముగించిన మా బాబు.

అప్పుడు మాకు తెలిసివచ్చినది ఏమంటే, పోయినది ఒక ఉద్యోగము కాదు. ఆవిడ వీసా మీదనే ఆయన ఉండడము, బాబు ఉండడము ఆధారపడి ఉన్నవి. సరియైన కారణము లేకుండా మూడు నెలలు ఆ పనిలో లేకపోతే వీసా రద్దు చేయవచ్చును. ఇప్పుడు మరొక నియమము కూడా ఉన్నది: ఉద్యోగము మానినా మారినా 14 రోజులలో ఇమ్మిగ్రేషను వారికి తెలియజేయాలి. నోవా నుండి రోడ్డున పడినవారిలో ఇంకా ఎందరో పని వెతుకుతూనే ఉన్నారు. ఒక్కొక్క ఖాళీకి వారు పదిమంది. పది వారములు గడిచినవి. పదకొండవ వారములో, ఆయన పనిచేసే కిండర్‌గార్టెను ప్రధానోపాధ్యాయురాలు తనకు తెలిసిన ఒక బడికి ఫోను చేసి ఆవిడ గురించి చెప్పింది. అట్లా నిలబడ్డాము. దివాలా తీసిన సంస్థ ఎగవేసిన జీతములో నూటికి ఎనబై వంతులు పరిమితికి లోబడి ప్రభుత్వమే ముందుగా ఇచ్చే పథకము ఆ దేశములో ఉన్నది. దాని కొరకు కాగితములు నింపి నెలల తరబడి వేచి ఉన్నాము, డబ్బు వచ్చింది. ఇంత పద్ధతి ఉన్న దేశము గనుకనే తరువాత అయిదేళ్ళు ఉన్నాము.

ఆ పదకొండు వారములు ఎట్లా నిద్రపోయారని అడిగితే ఒక్కటే జవాబు. ఎంత చెడినా టికెట్టు కొని ఇంటికి పోతే రెండెకరములు ఉన్నవి. అప్పు లేదు. వచ్చి గుమ్మము ముందు నిలబడే ఏజెంటు లేడు.

ఆదివారము గురించి కొందరు అడుగుతారు గనుక రెండు మాటలు. ఆ దేశములో క్రైస్తవులు నూటికి ఒకరుకంటే ఎక్కువ ఉండరు. మేము వెళ్ళిన సంఘములో ఇరవైమంది, గుమ్మము దగ్గర చెప్పులు విడిచి మెత్తని స్లిప్పర్లు తొడుక్కొని లోపలికి పోవాలి, ఆరాధన తరువాత అందరూ కలిసి కూర అన్నము తింటారు. ఏకైవాలకు శని, ఆదివారములు పంటకాలము వంటివి. ఆదివారము సెలవు కావాలంటే చేరకముందే ఒప్పందములో వ్రాయించుకోండి. మాది ఆది, సోమవారములు సెలవు. అది మాకు అడగకుండా దొరికింది, అందరికీ దొరకదు.

డబ్బు లెక్క. నెలకు సుమారు 2,50,000 యెన్లు అనేది మేము వెళ్ళినప్పుడు మామూలు జీతము. ఇరవై ఏళ్ళు గడిచినా ప్రకటనలలో ఇంచుమించు అదే, కొన్నిచోట్ల తక్కువ. 2004లో 100 యెన్లకు సుమారు 42 రూపాయలు వచ్చేవి, 2012లో సుమారు 67 వచ్చినవి, 2024లో 55 దగ్గర ఉన్నవి. చేసిన నెల జీతము మరుసటి నెలలో చేతికి వచ్చే బడులు ఎక్కువ. ఇల్లు అద్దెకు తీసుకొంటే అడ్వాన్సు, యజమానికి తిరిగి రాని కానుక, హామీ ఇచ్చే కంపెనీకి రుసుము, అన్నీ కలిపి నాలుగైదు నెలల అద్దె ఒకేసారి కట్టవలసి రావచ్చు. రెండవ ఏడాది నుండి పట్టణ పన్ను మొదలౌతుంది; మొదటి ఏడాది అది లేదు గదా అని ఖర్చుపెట్టుకొన్నవారు ఏడుస్తారు. మేమూ ఏడ్చాము. ఒప్పందములో వారానికి 29.5 గంటలు అని ఉంటే ఆ అరగంట ఎందుకు తగ్గించారో అడగండి. పూర్తికాలపు గంటలలో నాలుగింట మూడు వంతులకు తగ్గితే ఆరోగ్య బీమాకు, పింఛనుకు యజమాని తన సగము కట్టనక్కరలేదనే పాత లెక్క అది. 2016 నుండి అంచెలుగా ఆ నియమము మారి, పెద్ద సంస్థలలో 20 గంటలు చేసేవారిని కూడా చేర్చుకోవలసి వచ్చింది. చిన్న బడుల సంగతి చూసుకోవాలి. కట్టిన పింఛను వృథా కాదు: మన దేశానికీ జపానుకూ మధ్య 2016 అక్టోబరు 1 నుండి ఒప్పందము అమలులో ఉన్నది.

మీ ఏజెంటు సంగతి. పెద్ద ఏకైవా సంస్థలు ఫోనులోనో కంప్యూటరులోనో నేరుగా ఇంటర్వ్యూ చేసి ఉపాధ్యాయులను తీసుకొంటాయి, చేరేవారి దగ్గర రూపాయి అడగవు. మన దేశములో రిజిస్టరైన ఏజెంటు అభ్యర్థి నుండి తీసుకోదగిన రుసుముకు ప్రభుత్వము పెట్టిన పరిమితి 30,000 రూపాయలు, పైన పన్ను. అతడు అడిగినది ఎనిమిది లక్షలు. అతని రిజిస్ట్రేషను నంబరు అడిగి, ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ జాబితాలో ఉన్నదో లేదో చూడండి. నంబరు అడిగినప్పుడు అతని ముఖము ఎట్లా ఉన్నదో అది కూడా చూడండి.

కాబట్టి, వెళ్ళవద్దని మేము వ్రాయడము లేదు. అమ్మాయి పేరున, ఏజెంటు లేకుండా, నేరుగా నాలుగైదు బడులకు దరఖాస్తు పెట్టండి. పద్దెనిమిది పెట్టవలసి వచ్చినా పెట్టండి. ఉద్యోగము ఖాయమైతే బడివారే అక్కడి ఇమ్మిగ్రేషనులో అర్హత పత్రము తీసి పంపుతారు, దానిపై ఇక్కడ వీసా ఇస్తారు. పెళ్ళి ధ్రువపత్రము, పాప పుట్టిన పత్రము పేర్లలో ఒక్క అక్షరము తేడా లేకుండా సరిచేసి పెట్టుకోండి; మా పత్రములో ఇంటిపేరు తప్పుపడి మూడు నెలలు పోయినవి. అబ్బాయి ఈలోగా జపాను లిపి నేర్చుకోవడము మొదలుపెట్టవచ్చు, ఇంట్లో ఉండి బజారు పని చూడవలసినది అతడే. ఎకరము అమ్మే మాట ఎవరు ఎత్తారో మీ ఉత్తరములో వ్రాయలేదు. అమ్మాయి ఎత్తి ఉంటే ఒక రకము, అత్తింటివారు ఎత్తి ఉంటే మరొక రకము. అమ్మాయీ, దాని గురించి వేరుగా ఒక ఉత్తరము వ్రాయి.

అమ్మాయి ఒకటవ తరగతి నుండి ఎం.ఏ. వరకు ఏ బడి, ఏ మీడియము అన్నది ఒక కాగితముపై వరుసగా వ్రాసి, పదవ తరగతి మార్కుల జాబితా నకలు జతచేసి పంపండి. ఇంగ్లీషు మీడియమని దానిపై ఎక్కడైనా అచ్చు వేసి ఉన్నదో లేదో చూడాలి. లేకపోతే చదివిన బడికి వెళ్ళి ప్రధానోపాధ్యాయుని సంతకముతో ధ్రువపత్రము తీసుకోవాలి. ఆ బడి ఇప్పుడు నడుస్తున్నదో లేదో కూడా వ్రాయండి.